ఆకాశపు లెక్క మారితే ఈమాన్ కదులుతుందా?



మన ఉద్దానం తీరంలో, బారువలోనైనా భావనపాడులోనైనా, సూర్యుడు సముద్రంలోంచి లేచి తూర్పు కనుమల వెనక్కి దిగిపోతాడు. కంటికి కదిలేది సూర్యుడే. పూర్వపు పండితులూ అలాగే అనుకున్నారు. భూమి నడుమ నిశ్చలంగా ఉందనీ, గ్రహాలన్నీ దాని చుట్టూ తిరుగుతున్నాయనీ క్రీ.శ. 2వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో టాలమీ కట్టిన లెక్కలనే ముస్లిం పండితులు కూడా వందల ఏళ్లు వాడారు. ఇప్పుడు పలాసలోనో టెక్కలిలోనో బడికెళ్లే బిడ్డ, "అబ్బాజాన్, తిరిగేది భూమేనట కదా, మరి పాత కితాబుల్లో వేరేగా ఉందేమిటి?" అని అడిగితే కసురుకోకండి. కసిరితే ఆ బిడ్డ ఖగోళ పాఠాన్ని వదలడు, దీన్‌ను అనుమానిస్తాడు.

సూర్యచంద్రులు తమ తమ కక్ష్యల్లో సాగుతున్నాయని దివ్యఖుర్ఆన్ (36:40) తెలుపుతుంది. నడుమ ఏముందో ఆ ఆయతు చెప్పలేదు. అక్కడ భూమిని పెట్టింది టాలమీ. కొందరు వ్యాఖ్యాతలు తమ కాలపు శాస్త్రంతో దాన్ని వివరించారు, అంతే.

ఆ శాస్త్రాన్ని నిలదీసిన వారిలో మన పండితులూ ఉన్నారు. 11వ శతాబ్దంలో ఇబ్నుల్ హైసమ్ టాలమీపై సందేహాలతో ఒక గ్రంథమే రాశారు. 1259లో నసీరుద్దీన్ తూసీ మరాగాలో వేధశాల మొదలుపెట్టారు. దమస్కస్ జామె మసీదులో నమాజు వేళలు లెక్కగట్టే ఉద్యోగి ఇబ్నుష్షాతిర్ (1304-1375). టాలమీ లెక్కలో గ్రహం వేగం సమంగా కనబడాలంటే వృత్తపు కేంద్రం నుంచి కాక, పక్కనున్న ఓ ఊహాబిందువు నుంచి చూడాలి. ఆయన ఆ బిందువును తీసేసి కొత్త లెక్క కట్టారు. 1543లో సూర్యుణ్ణి నడుమ నిలిపిన కోపర్నికస్ చంద్రుడి లెక్కా, ఆయన లెక్కా ఒకటేనని 1957లో చరిత్రకారులు చూపించారు. సూర్యకేంద్ర సిద్ధాంతం మనవాళ్లదేనని ఉపన్యాసాల్లో చెప్పేవారున్నారు. అది నిజం కాదు. ఇబ్నుష్షాతిర్ లెక్కలోనూ నడుమ భూమే ఉంది. దీన్‌కు అబద్ధపు గొప్ప అక్కర్లేదు. కోపర్నికస్ వృత్తాలు కూడా నిలవలేదు, 1609లో కెప్లర్ వాటిని దీర్ఘవృత్తాలు చేశాడు.

ఇచ్ఛాపురం దాటితే ఒడిషా. అక్కడి ఖండపడాలో పఠాణి సామంత (1835-1904) వెదురు, కర్ర పరికరాలతో ఆకాశాన్ని కొలిచారు. పేరు చూసి ముస్లిం అనుకునేరు, ఆయన హిందూ పండితుడు. గ్రహాలు సూర్యుడి చుట్టూ, సూర్యుడు భూమి చుట్టూ తిరుగుతాయని రాశారు. సగం పాతది, సగం కొత్తది.

ఇక దైవప్రవక్త (స) ఆదర్శం చూడండి. ఆయన పసికుమారుడు ఇబ్రాహీం మరణించిన రోజున సూర్యగ్రహణం పట్టింది. ఆ బిడ్డ కోసమే సూర్యుడు చీకటయ్యాడన్నారు జనం. పుత్రశోకంలో ఉండి కూడా ఆయన ఆ మాటను నిలవనివ్వలేదు. సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలనీ, ఎవరి చావుపుట్టుకలకూ వాటికి గ్రహణం పట్టదనీ బోధించి, నమాజు చేయమన్నారు (బుఖారీ).

మరి మన ఇళ్లలో? గ్రహణం వేళ గర్భిణి కోడల్ని కత్తిపీట ముట్టనివ్వరు, చీకటిగదిలో పస్తుంచుతారు. ఈ భయం ఏ హదీసులోనూ లేదు. గ్రహణ నమాజుకు అజాన్, ఇఖామత్ లేవు. రెండు రకాతులు, ఒక్కో రకాతులో రెండేసి రుకూలు. ఆనాడు మదీనాలో హజ్రత్ ఆయిషా (ర), హజ్రత్ అస్మా (ర) కూడా ఆ నమాజులో నిలబడ్డారు. ఈసారి మన ఊళ్లో గ్రహణం కనబడినప్పుడు ఆ కోడలికి అన్నం పెట్టి, తన కోసం కూడా ఒక జానమాజ్ పరవండి.