తల కనబడని సంఖ్య

నిత్యపూజకు కూర్చున్న గృహస్థు సంకల్పములో ద్వితీయ పరార్ధమును, శ్వేతవరాహ కల్పమును, వైవస్వత మన్వంతరమును స్మరించి, పిదప తన గోత్రనామములను చెప్పుకొనును. ఆ పలుకులలోని కాలపరిమాణము సామాన్యమైనది కాదు. బ్రహ్మకు ఒక పగలు 432 కోట్ల మానవ సంవత్సరములు, రాత్రియు అంతే. ఆయన నూరేండ్ల ఆయువు పురాణగణన ప్రకారము 31,10,40,00,00,00,000 సంవత్సరములగును. అయినను దీనిని వ్రాయుటకు పదునైదంకెలు చాలినవి. పలకపై ఒక వరుసలో ఇమిడిపోవును.

అంకెలలో ఇమిడినది బుద్ధికి అందినట్లేనా? ఇమడనిది అందనట్లేనా? ఈ ప్రశ్నను పరీక్షించుటకు గ్రాహం సంఖ్య మిక్కిలి తగినది.

రొనాల్డ్ గ్రాహం (1935–2020) అమెరికా దేశపు గణితజ్ఞుడు. అనేక పరిమాణములు గల ఘనముల మూలలను రెండు రంగుల గీతలతో కలుపు సమస్యకు ఆయన చూపిన పై హద్దు ఇది. 1977లో మార్టిన్ గార్డ్‌నర్ వ్యాసము ద్వారా లోకమునకు తెలిసినది. తరువాత అంతకంటె చిన్న హద్దులు దొరకినవి. కింది హద్దు మాత్రము 2008 నాటికి 13 మాత్రమే! హద్దుల నడుమ ఇంతటి అగాధము గల సమస్యలు అరుదు.

దాని నిర్మాణము 3తోనే ఆరంభము. మూడు మూళ్లను గుణించిన 27. ఇరువదియేడు మూళ్లను గుణించిన 7,62,559 కోట్ల 74,84,987. ఇప్పుడు ఇన్ని 3లను ఘాతముపై ఘాతముగా నిలిపి గోపురము కట్టవలెను. ఆ గోపురపు విలువ ఎంతయో అన్ని అంతస్తులతో మరియొక గోపురము, దాని విలువ ఎంతయో అన్ని అంతస్తులతో ఇంకొకటి. 3 నుండి మొదలైన ఈ పరంపర తొలి గోపురపు విలువ ఎంతయో అంత దూరము సాగిన పిదప లభించునది మొదటి మెట్టు మాత్రమే. రెండవ మెట్టు ఎంత వేగముగా పెరుగవలెనో ఆ మొదటి మెట్టు నిర్ణయించును. ఇట్టివి 64 మెట్లు. కనబడు విశ్వములోని అణువులన్నియు సిరాబొట్లైనను దీని అంకెలు వ్రాయుటకు చాలవు.

అయినను దీనిని గురించి నిశ్చయముగా చెప్పదగినవి కలవు. ఇది బేసిసంఖ్య. 3 తప్ప మరే ప్రధానసంఖ్యయు దీనిని నిశ్శేషముగా భాగింపదు. దీని చివరి అంకె 7. వ్రాయని సంఖ్యకు చివరి అంకె ఎట్లు తెలిసినది? 3 యొక్క ఘాతముల చివరి అంకెలు 3, 9, 7, 1 అను క్రమమున తిరుగుచుండును. ఇచట పైనున్న ఘాతము కూడ మూళ్ల గోపురమే. దానిని 4చే భాగించిన శేషము 3. కావున చక్రములో మూడవదైన 7 నిలుచును. పాఠశాల బాలుడును వ్రేళ్లపై సరిచూడవచ్చును. ఇట్లే చివరి పది అంకెలు 2464195387 అని గణించిరి. దశాంశ పద్ధతిలో మొదటి అంకె ఏదో మాత్రము ఎవరికిని తెలియదు. త్రివిక్రముని కథ ఎరిగినవారికి ఇది వింతగా తోచదు: పాదము కన్నులయెదుట, కిరీటము ఊహకు అవ్వల.

ఇంత పెద్దదైనచో అనంతమునకు చేరువయై యుండునను భ్రమ సహజము. అది సరికాదు. ఒకటికిని అనంతమునకును ఎంత దూరమో, గ్రాహం సంఖ్యకును అంతే. దానికి ఒకటి చేర్చినంతనే మరింత పెద్దదైన సరిసంఖ్య పుట్టును. భగవద్రామానుజులు శ్రీభాష్యములో అనంతపదమునకు దేశ, కాల, వస్తువులచే హద్దు లేనిదని అర్థము చెప్పిరి. మిక్కిలి పెద్దదని కాదు. సున్నలు పేర్చి పరమాత్మ మహిమను వర్ణింపబూనువారు ఈ భేదమును మరచుచుందురు.

మరి రామకోటి వ్రాయువారి లెక్క మాటేమి? కోటి నామములు వ్రాసినవాడు ఒక్క నామము పలికినవానికంటె అనంతునికి దగ్గరయ్యెనా? లెక్క దూరమును కొలుచునదైనచో, కాలేదనియే చెప్పవలెను. అది కొలుచునది వ్రాసినవాని దినములను, నిలిపిన మనస్సును. కోటి ముగించిన ముత్తైదువ మరునాడు కొత్త పుస్తకము తెరచి, మొదటి గడిలో మరల ఒకటవ నామము వ్రాయుట అనేక గృహములలో కలదు.