జమ్మిచెట్టు మీద కెమెరా

రుషికొండలో, సముద్రానికి కిలోమీటరు దూరంలో ఫ్లాట్ తీసుకున్నవాడికి, వాడని వస్తువును దాచుకోవడం అంటే ఏమీ చేయకుండా ఊరుకోవడం కాదు. ఇక్కడ గాలిలో తేమ డెబ్బై శాతం దాటి ఉండటం మామూలే. దానికి ఉప్పు తోడు. బాల్కనీ గ్రిల్ రెండేళ్లకే తుప్పు పడుతుంది, అది బయటికి కనిపిస్తుంది కాబట్టి రంగు వేయిస్తాం. అల్మైరా చీకట్లో, బ్యాగులో పడున్న లెన్సుకి బూజు పట్టడం మాత్రం కనిపించదు. ఒకరోజు తీసి దీపానికి ఎదురుగా పట్టుకుంటే గాజు లోపల సాలెగూడులాంటి సన్నటి పోగులుంటాయి. అవి అలాగే ఉంటే కోటింగుని తినేస్తాయి. కెమెరా వెనక తలుపు అంచున, వెలుతురు లోపలికి రాకుండా అంటించిన నల్లటి ఫోము జిగురై కరుగుతుంది. షట్టర్‌ని ఏళ్ల తరబడి నొక్కకపోతే లోపలి కందెన చిక్కబడి వేగాలు తప్పుతాయి. "ఉంటే ఉండనీ, అదేమైనా అన్నం అడుగుతుందా" అని మన ఇళ్లల్లో ఒక మాటుంది కదా, కెమెరా విషయంలో అది చెల్లదు. అడుగుతుంది. సిలికా జెల్ అడుగుతుంది, నెలకోసారి చేతిలోకి తీసుకోమని అడుగుతుంది.

నా దగ్గర ఉన్నవి ఇవి: నికాన్ ఎఫ్ఎం2 బాడీ ఒకటి, 28, 50, 105 లెన్సులు, ఒక ఫ్లాష్, ఒక బరువైన ట్రైపాడ్, ఫ్రిజ్‌లో గుడ్ల అర పక్కన తొమ్మిది రీళ్లు. రెండేళ్లలో నేను పూర్తి చేసిన రీలు ఒక్కటే. ముప్పయ్యారు ఫొటోలు. వాటిని కడిగించడానికి కొరియర్లో వేరే ఊరికి పంపించాను. ఒకప్పుడు జగదాంబ దగ్గర పొద్దున ఇస్తే సాయంత్రానికి కార్డు సైజు ప్రింట్లు చేతిలో పెట్టేవాళ్లు. ఇప్పుడు పది రోజులకి స్కాన్ల లింకు వస్తుంది. మొత్తం ఖర్చుని ముప్పయ్యారుతో భాగించి చూశాను ఒకసారి, మళ్లీ ఆ పని చేయలేదు.

కాబట్టి అమ్మాలా, వద్దా? చిన్న ప్రశ్నే. నలభై నిమిషాల్లో ఫొటోలు తీసి అమ్మకానికి పెట్టేయొచ్చు. కానీ ఆరు నెలలుగా తేలట్లేదంటే, నేను అమ్మాలా వద్దా అని తేల్చుకోలేకపోతున్నది కెమెరా కాదేమో అనిపించింది.

మా వృత్తిలో వాడని కోడ్‌ని తీసేయడం సులువు. పాతదంతా రిపాజిటరీలో చరిత్రగా ఉంటుంది, కావాలంటే వెనక్కి తెచ్చుకోవచ్చు. అయినా సరే, "ఎప్పుడైనా పనికొస్తుంది" అని కామెంటులో పెట్టి వదిలేసేవాళ్లుంటారు. మనుషులం అంతే లెండి. వస్తువులకి ఆ చరిత్ర సదుపాయం కూడా లేదు. 2001లో ఎఫ్ఎం2 తయారీ ఆగింది. అమ్మేశాక మళ్లీ కావాలంటే వేరేవాళ్ల అల్మైరాలోంచి రావాల్సిందే.

వాడకుండా దాచుకోవడం అనగానే నాకు తట్టే మొదటి దృశ్యం విరాటపర్వంలోది. పాండవులు అజ్ఞాతవాసానికి వెళ్తూ ఆయుధాలన్నీ మూటగట్టి, ఊరి బయట శ్మశానం దగ్గర జమ్మిచెట్టు మీద పెడతారు. శవమని చెప్పి జనాన్ని దూరంగా ఉంచుతారు. అర్జునుడి గాండీవం ఏడాది పాటు పనీపాటా లేకుండా చెట్టు మీద ఉంది. అయినా దాన్ని ఎవరూ వదిలేసిన విల్లు అనరు. ఎందుకంటే దానికి ఒక గడువుంది. ఆ రోజు రాగానే ఉత్తరుణ్ణి చెట్టెక్కించి దించుకున్నాడు. దసరాకి మనం జమ్మికి మొక్కుతున్నామంటే ఎక్కించినందుకు మాత్రమే కాదు, దించుకున్నందుకు కూడా. ఆయుధపూజ తీరూ అంతే. ఈ ఊళ్లో వర్క్‌షాపుల్లో లేత్ మెషిన్లకి, ఆటోలకి, క్రేన్లకి పసుపు కుంకుమలు పెట్టి దండలు వేసి, ఆ ఒక్కరోజు ముట్టుకోరు. మర్నాడు పనిలో పెడతారు. పూజ ఒక్కరోజుది కాబట్టే అది పూజ. ఏడాదంతా ముట్టుకోకపోతే దానికి వేరే పేరుండాలి.

నా అల్మైరాకి గడువు లేదు. "ఎప్పుడైనా" అన్నది తేదీ కాదు. ఫిల్మ్ విషయంలో ఈ "ఎప్పుడైనా" మరీ ప్రమాదం, ఎందుకంటే అది మన ఒక్కళ్ల చేతిలో లేదు. 1935లో వచ్చిన కొడాక్రోమ్‌ని 2009లో ఆపేశారు. దాన్ని కడిగే చివరి ల్యాబు, అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలో ఉన్న చిన్న ఊరిది, 2010 చివర్లో ఆపేసింది. ఆ తర్వాత ఎవరి సొరుగులోనైనా కడగని కొడాక్రోమ్ రీలు మిగిలిపోయి ఉంటే, దాని రంగులు ఇక లేనట్టే. 2012 జనవరిలో కొడాక్ దివాలా రక్షణ కోరింది. మనకీ ఒకటుండేది: ఊటీలో హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్, 'ఇందు' పేరుతో. స్టీలు ప్లాంటులో పనిచేసి రిటైరైన మా పెదనాన్న ఇందు రీళ్ల మీదే ఫొటోలు నేర్చుకున్నారు. ఆ కంపెనీ ఇప్పుడు లేదు. ఫిల్మ్ మళ్లీ ఫ్యాషనైంది, నిజమే. కానీ ఫ్యాషన్ మీద ఆధారపడి వాయిదా వేయడం మరీ ధైర్యం.

ఇక రెండో ప్రశ్న. వాడనివాడికి ఉంచుకునే హక్కుందా? చట్టం అడిగితే ఉంది. నేను అడుగుతున్నది అది కాదు.

అమర్త్య సేన్ 2009లో రాసిన 'ద ఐడియా ఆఫ్ జస్టిస్' మొదట్లో ఒక వేణువు కథ చెప్తాడు. ముగ్గురు పిల్లలు, ఒకటే వేణువు. ఒక అమ్మాయి, వాయించడం వచ్చింది నాకొక్కదానికే కాబట్టి నాకివ్వాలి అంటుంది. ఒక పిల్లవాడు, నాకు ఆడుకోవడానికి ఇంకేమీ లేవు కాబట్టి నాకు అంటాడు. మూడో అమ్మాయి, నెలల తరబడి కష్టపడి చేసింది నేను అంటుంది. ముగ్గురి వాదనా కొట్టిపారేయలేనిదే, న్యాయానికి ఒకే కొలబద్ద ఉండదని ఆయన చెప్పదలుచుకున్నది. నాకు మాత్రం ఈమధ్య చదివినప్పుడు ఆ కథలో లేని నాలుగో పిల్లవాడు కనిపించాడు. వాడికి వేణువు వాయించడం కొంచెం వచ్చు, తీరిక లేదు. ఆటవస్తువులు బోలెడున్నాయి. వాడు దాన్ని చేయలేదు, వాళ్ల పెదనాన్న ఇచ్చారు. వేణువు వాడి అల్మైరాలో ఉంది. పంపకం గురించి రాసిన కథలో వాడు లేకపోవడం సహజమే, కానీ లోకంలో చాలా వేణువులు నిజానికి వాడి దగ్గరే ఉన్నాయి.

ఇక్కడ మీరొక మాట అడగొచ్చు. అలాగైతే అమ్మమ్మల బీరువాల్లో కట్టని పట్టుచీరలు, మన అరల్లో చదవని పుస్తకాలు, వీటన్నిటికీ లెక్క చెప్పాలా అని. పుస్తకాల జోలికి నేను వెళ్లను, నా అర మీరు చూడలేదు. కానీ తేడా ఉంది. అచ్చులో ఉన్న పుస్తకం నేను చదవకుండా పెట్టుకుంటే ఇంకొకరికి దొరక్కుండా పోదు. ఇలాంటి కెమెరాలు కొత్తవి దాదాపు రావట్లేదు. 2024లో పెంటాక్స్ 17 వచ్చింది గానీ అది అర ఫ్రేము కెమెరా, దూరాన్ని అంచనాగా పెట్టుకోవాలి, నేర్చుకునేవాళ్లకి ఎఫ్ఎం2 ఇచ్చేది అది ఇవ్వదు. ఎఫ్ఎం2 షట్టర్‌కి బ్యాటరీ అక్కర్లేదు, బ్యాటరీ మీటరుకే. వేగం, అపెర్చరు, ఫోకస్ మూడూ చేత్తో తిప్పాలి. సరుకు పెరగనప్పుడు అల్మైరాలో ఉన్న ప్రతి బాడీ బయట ఒకటి తగ్గినట్టే. కొరత ఉన్నచోట ఊరికే ఉంచుకోవడం బరువెక్కుతుంది. నీళ్ల విషయంలో మనకిది తెలుసు, మిగతా వాటికి వర్తింపజేసుకోం.

ఇంతవరకు వచ్చాక అమ్మడమే అని తేలినట్టుంది కదా. అప్పుడే అసలు చిక్కు మొదలైంది, ఎందుకంటే కొంటామన్నవాళ్లు ఇద్దరు.

ఒకాయన బెంగళూరులో ఉంటాడు, పాత కెమెరాలు సేకరిస్తాడు. మొత్తం సెట్టుకి నలభై రెండు వేలు ఇస్తానన్నాడు. ఇంకొకామె ఇక్కడే ఫైన్ ఆర్ట్స్ చదువుతోంది. పాతిక వేలు ఇవ్వగలనంది, అదీ రెండు విడతలుగా. తేడా పదిహేడు వేలు. నా ఈఎంఐ రోజుల్లో అది తీసిపారేసే మొత్తం కాదు.

వినగానే ఆమెకే ఇవ్వాలనిపిస్తుంది. మంచి వేణువులు బాగా వాయించేవాళ్లకే దక్కాలని అరిస్టాటిల్ తన 'పాలిటిక్స్'లో ఎప్పుడో అన్నాడు కూడా. కానీ బెంగళూరు ఆయన్ని విలన్ని చేయడం నాకు నచ్చదు. ఆయన దగ్గర తేమని అదుపులో ఉంచే పెట్టె ఉంది, పదిహేను రోజులకోసారి ప్రతి షట్టర్‌నీ నొక్కుతాడట. ఆయన దగ్గర ఈ కెమెరా ఇంకో యాభై ఏళ్లుంటుంది. ఆమె దగ్గరైతే బీచ్ రోడ్డు ఇసకలో, బస్సుల్లో, హాస్టల్ మంచం కింద ఉంటుంది. కెమెరాకి ఏది మంచిది అని అడిగితే ఆయనే. కెమెరాకి మంచి చెడ్డా ఏమిటి, అది యంత్రం. హక్కంటూ ఉంటే అది లేనివాళ్లది, వస్తువుది కాదు. దాన్ని అరగదీయడం తప్పు కాదు. అరగడానికే చేశారు.

అయినా నన్ను ఆపిన ఆలోచన వేరే. ఆమెకి తక్కువకి ఇస్తాను, సరే. మూడు నెలల తర్వాత ఫీజు కట్టాల్సొచ్చి ఆమె అదే కెమెరాని బెంగళూరు ఆయనకే నలభై రెండు వేలకి అమ్మేసిందనుకోండి. నాకెలా ఉంటుంది? నిజం చెప్పాలంటే మోసపోయినట్టుంటుంది. ఎందుకుండాలి? డబ్బు తీసుకున్నాను, వస్తువు ఇచ్చాను. అలా ఉంటుందంటే నేను పదిహేడు వేలు తగ్గించింది దయ వల్ల కాదు, ఆ డబ్బుతో ఒక బొమ్మ కొనుక్కున్నాను: ఆర్కే బీచ్‌లో పొద్దున్నే నా కెమెరాతో ఫొటోలు తీస్తున్న ఒక విద్యార్థి బొమ్మ. నేను తీయాల్సిన ఫొటోలు నా బదులు ఆమె తీయాలి. ఇది అమ్మకం కాదు, ఒకరి మీద నా "ఎప్పుడైనా"ని మోపడం. జమ్మిచెట్టు మారింది, అంతే.

అందుకని ఆమెకే అమ్మాలంటే, ఆమె దాన్ని అమ్మేసుకోగలగాలి, పాడు చేయగలగాలి, నాలాగే అల్మైరాలో పడేయగలగాలి కూడా. వస్తువుని వదలడం సులువు. దానితో ఏం జరగాలన్న మన ఊహని వదలడమే కష్టం. కూతుళ్లకి పెళ్లిళ్లు చేసేవాళ్లకి, ఊళ్లో పొలం అమ్ముకునేవాళ్లకి ఇది నాకంటే బాగా తెలిసుంటుంది.

పెదనాన్నకి ఫోన్ చేశాను. అడగడం మర్యాద కదా, ఇచ్చింది ఆయన. "వాడతన్నావేటి?" అన్నారు. లేదన్నాను. "మరింక దేనికిరా, ఇచ్చీ. ఊరికే మాత్రం ఇవ్వకు. ఊరికే వచ్చినదానికి విలువుండదు." నాకు మీరు ఊరికే ఇచ్చారు కదా పెదనాన్నా, అన్నాను. "అదే చెప్తన్నాను మరి" అన్నారు.

నెగటివ్‌ల సంగతి ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. అవి అమ్మకానికి లేవు. హైదరాబాదు నిజాముల దగ్గర ఫొటోలు తీసిన రాజా దీన్ దయాళ్ గాజు పలకల నెగటివ్‌లు 2,857 ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. ఆయన్ని ఇవాళ మనం చూసేది వాటిలోంచే, ఏ లెన్సు వాడాడన్నది తర్వాతి మాట. నా నెగటివ్‌లకి అంత లేదు. కానీ 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ రాకముందు తీసినవి ఒక నాలుగు రీళ్లున్నాయి. బీచ్ రోడ్డు పొడుగునా నీడ. రుషికొండ మీద పాత హరిత రిసార్టు కాటేజీలు, చుట్టూ పచ్చదనం. తుపాను చెట్లని తీసుకుపోయింది. ఆ తర్వాత కొండనే తవ్వి, కాటేజీలు తీసేసి, వేరే భవనాలు కట్టారు. ఆఫీసుకి వెళ్తూ రోజూ ఆ కొండ చూస్తాను. కెమెరా ఉంచుకున్నంత మాత్రాన ఆ పాత ఆకారం నా దగ్గర ఉండదు. అది ఆ ప్లాస్టిక్ పట్టీల్లో ఉంది. ఈ రెంటినీ కలిపేసుకోవడం వల్లే ఆరు నెలలు పట్టింది. తేమ నుంచి కాపాడాల్సింది వాటిని.

పాతిక వేలకే, రెండు విడతలుగా. 105 లెన్సుకి బూజు మొదలైందని, శుభ్రం చేయించడానికి ఎంతవుతుందో కూడా చెప్పాను. "పర్లేదు సర్, అది కూడా ఇచ్చేయండి, మా క్లాసులో విప్పి చూస్తాం" అంది. విప్పితే మళ్లీ బిగించడం కష్టం, అలైన్‌మెంట్ పోతుంది అని చెప్పబోయి ఊరుకున్నాను. ట్రైపాడ్ వద్దంది, హాస్టల్ గదిలో చోటు లేదట.