కల్లం దగ్గర చెప్పాల్సిన మాట

మిరప కల్లాల రోజుల్లో మా వైపు ఒక అలవాటు ఉంది. పక్క చేను రైతు అటుగా పోతూ ఆగి, ఆరబోసిన కాయల్లో చెయ్యి పెట్టి, ఒకటి విరిచి చూస్తాడు. "ఇంకా నెమ్ముంది బావా, రెండెండలు తగలనీ" అంటాడు. లేదంటే "తాలు సరిగ్గా ఏరలేదు, మళ్ళీ ఏరించు" అంటాడు. కల్లం యజమానికి ఆ మాట రుచించదు. మొహం ముడుచుకుంటాడు. కాని అదే మాట గుంటూరు యార్డులో టిక్కీ విప్పినప్పుడు కొనేవాడి నోటి నుంచి వచ్చిందనుకోండి, అప్పటికి చేసేదేమీ ఉండదు. ధర తెగిపోతుంది.

ఫోటోల సంగతి చెప్పబోతూ మిరపకాయల దగ్గర మొదలుపెట్టాను. కారణం ఉంది.

మా విచారణలో కెమెరా పిచ్చి ఉన్నవాళ్ళం ఏడెనిమిది మందిమి ఉన్నాం. రిటైరైన పంతులుగా నేను పెద్దవాణ్ణి. యార్డులో గుమాస్తా ఒకడు, పురుగుమందుల షాపు నడిపే ఆయన ఒకడు, మిగిలినవాళ్ళు కాలేజీ పిల్లలు. పిట్టలు, పొలాలు, చెరువులు మా సరుకు. నెలకొక ఆదివారం పూజ అయ్యాక ఎవరో ఒకరింట్లో చేరి, తీసిన బొమ్మలు ఒకరికొకరు చూపించుకుంటాం. గుంటూరు పక్కనే పెదకాకాని మండలంలో ఉప్పలపాడు చెరువుంది. గూడబాతులూ, ఎర్రకాళ్ళ కొంగలూ అక్కడి చెట్ల మీదా, వాటికోసం చెరువులో నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీదా గూళ్ళు కడతాయి. కాబట్టి మా బొమ్మల్లో సగం అక్కడివే.

చాలాకాలం మా సభలో వినిపించిన మాట ఒక్కటే. "బాగుంది." చెరువు గట్టు ఒక పక్కకి ఒరిగిపోయినా బాగుంది. కొంగ కాళ్ళు సగానికి తెగిపోయినా బాగుంది. మిట్టమధ్యాహ్నం తీసిన గూడబాతు సున్నం కొట్టిన గోడలా తెల్లగా మాడిపోయినా బాగుందే. మరి ఎందుకలా అనేవాళ్ళం? ప్రేమ వల్లేనని నేను నమ్మేవాణ్ణి. అందరం రోజూ ఒకరి మొహం ఒకరు చూసుకోవాల్సినవాళ్ళం, ఒక ఫోటో కోసం మనసు కష్టపెట్టడం దేనికి?

ఆ నమ్మకం ఒక తీతువు గూడు దగ్గర దెబ్బతింది.

ఒక మార్చి నెలలో మా గుమాస్తా కుర్రాడు ప్రత్తిపాడు వైపు పత్తికట్టె పీకేసిన నల్లరేగడి చేలో తీతువు గుడ్లు చూశాడు. ఈ పిట్ట చెట్టెక్కదు. మట్టిలో చిన్న గుంట చేసి, అందులోనే నాలుగు గుడ్లు పెడుతుంది. మట్టిరంగు మీద నల్లమచ్చలు. పక్కన నిలబడినా బెడ్డలేవో గుడ్లేవో తెలియదు. మావాడు చుట్టూ ఉన్న బెడ్డలు, ఎండుటాకులు తీసేసి, గుడ్లు బాగా కనపడేట్టు చేసి, పిట్ట తిరిగొచ్చి కూర్చునే క్షణం కోసం గంటకు పైగా దగ్గరలోనే కాచుకున్నాడట. చివరికి మంచి ఫోటో వచ్చింది. తల్లిపిట్ట కంటి చుట్టూ ఎర్రతోలు, ముక్కు చివర నలుపు, కాళ్ళ కింద గుడ్ల మీద వెలుగు, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. అందరికన్నా ముందు మెచ్చుకున్నది నేనే. "ఇంతవరకూ మన దగ్గరికొచ్చిన వాటిల్లో ఇదే బాగుంది" అన్నాను. ఎలా తీశావని అడగలేదు.

నెల తిరిగాక మాటల్లో వాడే చెప్పాడు. "రెండోరోజు వెళ్ళి చూస్తే గుడ్లు లేవు మాస్టారూ, కాకులు ఎత్తుకెళ్ళినట్టున్నాయి." వాడి గొంతులో తప్పు చేసిన భావమేమీ లేదు, ఎందుకుంటుంది? దానికి నేను బహుమానం లాంటి మాట ఇచ్చి ఉన్నాను. పైగా ఆ ఫోటో చూసి ఇద్దరు కాలేజీ పిల్లలు తీతువు గూళ్ళు వెతుక్కుంటూ చేలమ్మట తిరిగారని కూడా అప్పుడే తెలిసింది.

మన ఎండలో ఆ గుడ్లకు తల్లీతండ్రీ చేసేది కాపలా ఒక్కటే కాదు. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు వాటిమీద నిలబడి నీడపడతాయి. నీళ్ళ దగ్గరికెళ్ళి పొట్ట ఈకలు తడుపుకొచ్చి గుడ్లను చల్లబరుస్తాయి. ఆ వేళలో మనిషి పక్కన కూర్చుంటే అవి చుట్టూ తిరుగుతూ అరుస్తాయే తప్ప దిగవు. తీసేసిన బెడ్డలేమో కాకికి దారి చూపిస్తాయి. గుడ్లు నిజంగా ఎలా పోయాయో నేను చూడలేదు. కాని ఆ ఫోటోలో శుభ్రంగా కనిపించిన నేల నా కళ్ళముందే ఉంది. నేను దాన్ని "బ్యాక్‌గ్రౌండ్ నీటుగా వచ్చింది" అని మెచ్చుకున్నాను కూడా.

మాట్లాడకుండా ఊరుకోవడం ఎప్పుడు ప్రేమ, ఎప్పుడు కాదు? 13వ శతాబ్దంలోనే పునీత తోమాసు అక్వినాసు వారు ఈ ప్రశ్నను తిరగేసి చూశారు. తోటివాణ్ణి సరిదిద్దడం ప్రేమకార్యమేనన్నారు. సమయం కోసం ఆగడాన్నీ, చెబితే మరింత చెడిపోతాడనుకుంటే ఊరుకోవడాన్నీ వారు తప్పుపట్టలేదు. కాని లోకులు ఏమనుకుంటారోనన్న భయంతో నోరుమూసుకోవడాన్ని వేరుగా పెట్టారు. నా "బాగుంది"ని ఆ రెండో గంపలోనే వేయాల్సి వచ్చింది. నేను కాపాడుకున్నది ఆ కుర్రాడి మనసును కాదు, మంచి మాస్టారన్న నా పేరును.

ఇందులో మూడో మనిషి కూడా ఉన్నాడు. మనిషి కాదనుకోండి, పిట్ట. వంట బాగాలేదంటే వండినవారికీ తిన్నవారికీ మధ్య సంగతి. ప్రకృతి ఫోటో అలా కాదు. అక్కడ బొమ్మగా నిలిచిన ప్రాణి మన సభకు వచ్చి తన మాట చెప్పుకోలేదు. ద్వితీయోపదేశ కాండము 22వ అధ్యాయంలో, దారిలో పక్షిగూడు కనపడితే తల్లిని పోనివ్వాలన్న కట్టడ ఉంది. చిన్న విషయమే, అయినా ధర్మశాస్త్రంలో దానికి చోటు దొరికింది. నేటి ఫోటోగ్రఫీ సంఘాలు సైతం ప్రకృతి విభాగంలో ఫోటో కన్నా ప్రాణి క్షేమం ముఖ్యమని నియమం రాసుకున్నాయి.

దగ్గరివాళ్ళు అడగని ప్రశ్నను ఒక్కోసారి దూరంవాళ్ళు అడుగుతారు. 2009లో లండన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియం వారి ప్రఖ్యాత పోటీలో, తోడేలు ఒకటి కంచె తలుపు మీదుగా దూకుతున్న ఫోటోకు మొదటి బహుమతి వచ్చింది. అది అడవి తోడేలు కాదు, శిక్షణ పొందిన పెంపుడుదై ఉంటుందని ఇతర ఫోటోగ్రాఫర్లు లేవనెత్తారు. తీసినాయన ఒప్పుకోలేదు. 2010 జనవరిలో బహుమతి రద్దయింది, లోకమంతటికీ తెలిసింది. యార్డులో టిక్కీ విప్పడమంటే అదే.

నేను మాత్రం ఒక సాయంత్రం వాడి ఇంటికి ఒంటరిగా వెళ్ళాను. మత్తయి సువార్త 18వ అధ్యాయం చెప్పేది కూడా ముందు ఏకాంతంలోనే కదా. "ఆ ఫోటోను అందరిలో పొగిడింది నేనే, కాబట్టి ముందు నా తప్పు చెప్పుకుంటా" అని మొదలుపెట్టి, బెడ్డల సంగతీ ఎండ సంగతీ చెప్పాను. వాడు తలొంచుకుని విన్నాడు. "ఆ రోజే చెప్పాల్సింది మాస్టారూ" అన్నాడు. రెండు నెలలు సభకు రాలేదు.

ఆ తరువాత మా కూర్చోవడం కాస్త మారింది. ఫోటో పెట్టగానే నోరు తెరవం. కాసేపు చూస్తాం. తీసినవాణ్ణి "నువ్వు చూపించాలనుకున్నదేమిటి?" అని అడుగుతాం. ఇది చాలా మేలు చేసింది. కరెంటు తీగ మీద పాలపిట్టను తీసిన పిల్లవాణ్ణి, తీగ లేకుండా తీయాల్సిందని దబాయించబోయాను. వాడేమో పొలాల్లో పాలపిట్టకు ఇప్పుడు తీగే కొమ్మ అని చూపించాలనుకున్నాడట. నా సలహా నాలోనే ఉంచుకుని, ఫోకస్ పిట్ట రెక్క మీద పడింది, కంటి మీద పడాలి అని మాత్రం చెప్పాను. మళ్ళీసారి దిద్దుకోగలిగింది చెబుతాం. దిద్దుకోలేనిదీ, కేవలం మా ఇష్టానికి సంబంధించిందీ మానేస్తాం, మానేయడానికి ప్రయత్నిస్తాం. పురుగుమందుల షాపాయన ఇంకా మానలేదు. గూడు కనిపించిన ఫోటో దగ్గర మాత్రం ఎంత దూరం నుంచి, ఏ వేళప్పుడు, ఎంతసేపు అని తప్పక అడుగుతాం.

మరుసటి మార్చిలో మా గుమాస్తా మళ్ళీ తీతువును తీసుకొచ్చాడు. గట్టు మీద నుంచి, పొద్దున ఏడింటికి తీశాడు. విశాలమైన నల్లటి చేలో పిట్ట బఠాణీ గింజంత ఉంది.

"చిన్నగా పడింది కదా మాస్టారూ?"

"చిన్నగానే పడింది" అన్నాను. పైన ఆకాశం కాస్త తగ్గించి, కింద నేల ఇంకొంచెం రానిస్తే బాగుండేదని చెప్పాను. వాడు ఫోటోను అటూ ఇటూ తిప్పి చూసుకుని, జేబులోంచి కాగితం తీసి రాసుకున్నాడు.