ఎవరి బాకీ ఇది?

అమెరికా ప్రభుత్వ బడుల్లో చదివే పిల్లల్లో సగానికి పైగా శ్వేతేతరులు. పాఠం చెప్పేవాళ్ళలో మాత్రం ప్రతి ఐదుగురిలో దాదాపు నలుగురు తెల్లవాళ్ళే. ఈ తేడా తగ్గించాలని ఉపాధ్యాయ శిక్షణకి నల్లజాతి, లాటినో విద్యార్థుల్ని యూనివర్సిటీలు రమ్మంటున్నాయి. వచ్చినవాళ్ళు మధ్యలో మానేస్తే "వాళ్ళకి ఆసక్తి లేదు" అనేసి ఊరుకోవడం తేలిక.

కానీ ఖర్చు చూడండి. శిక్షణ చివర్లో కనీసం ఒక సెమిస్టర్ బడిలో రోజంతా పనిచేయాలి. చాలాచోట్ల దానికి జీతం లేదు సరికదా, ఫీజు ఎదురు కట్టాలి. లైసెన్సు పరీక్షల ఖర్చు వేరే. రాత్రిళ్ళు ఏదో కొట్లో పనిచేసి ఇంటద్దె కట్టుకునే అమ్మాయికి ఇది ఆసక్తికి పరీక్షా, స్తోమతుకి పరీక్షా?

అసలీ కొరత దానంతటది రాలేదు. బడుల్లో జాతి విభజన చెల్లదని 1954లో బ్రౌన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ తర్వాత దక్షిణాదిలో బడుల్ని కలిపినప్పుడు మూతపడ్డవి ఎక్కువగా నల్లవాళ్ళ బడులే. వేలాదిమంది నల్లజాతి టీచర్లు, ప్రిన్సిపాళ్ళు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. పిల్లల్ని చేర్చుకున్నారు, పంతుళ్ళని వద్దన్నారు. కాబట్టి ఇవాళ ఇచ్చే స్టైపెండు దానం కాదు, పాత బాకీలో ఒక వాయిదా.

అయితే బాకీ తీర్చే పద్ధతిలోనూ ఒక చిక్కుంది. మూడో తరగతిలోపు ఒక్క నల్లజాతి టీచరైనా దొరికిన నల్లజాతి పిల్లలు కాలేజీలో చేరే అవకాశం 13 శాతం ఎక్కువని టెనెసీ పిల్లల మీద చేసిన పరిశోధన చెప్పింది. సంతోషమే. కానీ ఈ ఒక్క కారణంతోనే పిలిస్తే, మనిషిని పనిముట్టుగా మాత్రమే చూడకూడదన్న కాంట్ మాట ఏమైనట్టు? ఉద్యోగంలో చేరాక "ఆ అల్లరి పిల్లాణ్ణి నువ్వే దారిలో పెట్టు, మీవాడేగా" అంటారు. ఇలా అదనంగా మీదపడే పనినే విద్యాశాఖ మంత్రిగా ఉండగా జాన్ కింగ్ 2016లో "కనిపించని పన్ను" అన్నారు.

మరి పేద తెల్ల విద్యార్థి మాటేమిటి? న్యాయమైన ప్రశ్నే. బడిలో చేసే పనికి జీతం అందరికీ ఇవ్వాల్సిందే. కానీ క్లాసులో ఒంటరినన్న బాధ జీతంతో పోదు. సౌత్ కరోలినాలో క్లెమ్సన్ యూనివర్సిటీ కేంద్రంగా నడిచే 'కాల్ మీ మిస్టర్' పథకం ఫీజులో సాయంతో పాటు తోటివాళ్ళ జట్టునీ, వెన్నంటి ఉండే పెద్దల్నీ ఇస్తుంది. ఆ రెండోది లేకపోతే మొదటిది సగమే పనిచేస్తుందని నా నమ్మకం.

ఇంత చేశాక, ఆ టీచర్ జాతికి ప్రతినిధిగా ఉండకుండా హాయిగా భిన్నాలు చెప్పుకుంటానంటే? చెప్పుకోనివ్వాలి. తెల్ల టీచర్‌ని ఆ ప్రశ్న మనమెప్పుడూ అడగలేదు కదా.