వద్దనే వీలు

2009 ఫిబ్రవరిలో అమెరికా దుకాణాల్లోంచి పిల్లల డర్ట్ బైకులు ఉన్నట్టుండి మాయమయ్యాయి. కారణం వేగం కాదు, విరిగే ఎముకలూ కాదు. సీసం. అంతకుముందు బొమ్మల రంగుల్లో సీసం బయటపడి పెద్ద గొడవైతే, 2008లో ఒక చట్టం చేశారు. పన్నెండేళ్ళ వరకు పిల్లల కోసం తయారయ్యే వస్తువుల్లో సీసం ఒక మోతాదు దాటకూడదని. బైకు బ్యాటరీ కొసల్లో, టైరు వాల్వుల్లో, కొన్ని లోహపు భాగాల్లో సీసం ఉంటుంది. దాంతో పిల్లవాడు బండిని ముట్టుకుని చేయి నోట్లో పెట్టుకుంటే ఏమవుతుందన్నదాని మీద రెండేళ్ళకి పైగా వాదనలు నడిచాయి. చివరికి 2011 ఆగస్టులో చట్టాన్ని సవరించి ఈ బండ్లకి మినహాయింపు ఇచ్చారు. ఆ బండి ఎక్కి కొండ దిగడం సంగతి ఆ చట్టం పరిధిలోది కాదు.

నవ్వొస్తుంది. కానీ పిల్లల విషయంలో మన భయాలు చాలావరకు ఇలాగే పనిచేస్తాయి. కొలతకి అందేది దొరికితే దాన్ని పట్టుకుంటాం. హెల్మెట్ సైజు, ఇంజిన్ సీసీ, దారి ఎంత నిటారుగా ఉంది, ఇవన్నీ చూస్తాం. అసలు పిల్లకి ఎక్కాలని ఉందా అన్నది కొలవడం కుదరదు కాబట్టి అడగడం మానేస్తాం.

హాలిస్టర్ హిల్స్ శాన్ హోసే నుంచి దక్షిణంగా ఓ గంట ప్రయాణం. ఇలాంటి బండ్ల కోసమే కాలిఫోర్నియా ప్రభుత్వం నడిపే పార్కు. ఓక్ చెట్ల గుట్టల మీద మైళ్ళకొద్దీ మట్టిదారులు. స్కీయింగ్ కొండల్లోలాగే దారులకి రంగులు పెట్టారు: ఆకుపచ్చది తేలిక, నీలం ఓ మోస్తరు, నలుపు చేయి తిరిగినవాళ్ళకి. వాన పడితే, నేల తడారేదాకా బైకుల దారులు మూసేస్తారు. తడి మట్టి మీద చక్రాలు తిరిగితే గాడి పడి, తర్వాతి వానకి అదే కాలువై గుట్ట కోసుకుపోతుంది. అంటే ఆ పార్కులో మట్టికి వద్దనే వీలుంది. ఈ సంగతి తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది.

మేము నాలుగు కుటుంబాలం వెళ్ళాం. రెండు పికప్ ట్రక్కులు, ఒక ట్రైలర్, పెద్దా చిన్నా కలిపి ఆరు బైకులు, పులిహోర, పెరుగన్నం. మావాడు ఎక్కింది యమహా పీడబ్ల్యూ50. 49 సీసీ, సీటు నేల నుంచి అడుగున్నర ఎత్తు. గేర్లు మార్చే పని లేదు, రెండు బ్రేకులూ సైకిలుకి ఉన్నట్టు చేతుల దగ్గరే. ఈ బండిలో నాకు నచ్చింది యాక్సిలరేటర్ దగ్గరుండే చిన్న స్క్రూ. దాన్ని బిగిస్తే పిల్లవాడు ఎంత మెలితిప్పినా బండి కొంతకి మించి పోదు. వాడికా సంగతి తెలియదు. ఆ వేగమంతా తనదే అనుకుంటాడు. కొంచెం చేయి తిరిగాక మనం ఓ అర చుట్టు వదులు చేస్తాం.

ఎంత స్వేచ్ఛ ఇవ్వాలన్న ప్రశ్నకి ఆ స్క్రూ మంచి జవాబే. జాన్ స్టూవర్ట్ మిల్ 1859లో 'ఆన్ లిబర్టీ' రాస్తూ, తన సూత్రం ఎదిగినవాళ్ళకే గాని పిల్లలకి కాదని ముందే గీత గీశాడు. (మూడేళ్ళకే గ్రీకు నేర్పిన తండ్రి చేతిలో పెరిగిన మనిషి ఆ మాట అంత తేలిగ్గా ఎలా అన్నాడో!) 1980లో జోయెల్ ఫైన్‌బర్గ్ ఇంకో అడుగు ముందుకెళ్ళాడు. పిల్లలకి 'తెరిచి ఉన్న భవిష్యత్తు' మీద హక్కు ఉందన్నాడు. కొన్ని హక్కులు వాళ్ళు పెద్దయ్యాక వాడుకునేవి, అప్పటిదాకా మనం వాటిని ఖర్చుపెట్టకూడదు. ఈ లెక్కన చూస్తే డర్ట్ బైకు మహా చెడ్డ వస్తువు. వెన్నెముక విరిగితే బోలెడు తలుపులు ఒక్కసారే మూసుకుంటాయి. 2023 ఆగస్టులో చెన్నై దగ్గర మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌లో, అదే సీజన్‌లో రేసులు గెలిచిన పదమూడేళ్ళ బెంగళూరు కుర్రాడు రేసులో పడి చనిపోయాడు. అది తారురోడ్డు మీద రేసు, మాది మట్టిలో షికారు. అయినా ఆ వార్త తల్చుకున్నాక, పదమూడేళ్ళవాడు చెప్పే "ఊఁ" ఎంత బరువు మోయగలదని అడక్కుండా ఉండలేం.

పెద్దగా మోయలేదనే నేనూ అంటాను. కానీ అక్కణ్ణుంచి అందరూ వెళ్ళే దారిలో వెళ్ళలేను. పిల్లల "ఊఁ"కి బరువు తక్కువైనంత మాత్రాన, వాళ్ళ "వద్దు"కీ అంతే తక్కువని ఎవరన్నారు?

ఆ రోజు స్నేహితుడి కూతురు, తొమ్మిదేళ్ళది, హెల్మెట్ పెట్టుకుని, గ్లవ్స్ వేసుకుని, బండి పక్కన నిలబడి, "నాకొద్దు నాన్నా," అంది. ఎవరూ కోప్పడలేదు. అదే చిక్కు. "ఏం కాదు తల్లీ, ఒక్క రౌండ్," అన్నాడు వాళ్ళ నాన్న. "చూడు, తమ్ముడు కూడా ఎక్కాడు," అన్నారు ఇంకొకరు. మూడు ఫోన్లు వీడియో తీస్తున్నాయి. కాలిఫోర్నియా చట్టం అడిగేది, బండిని అదుపు చేసేవన్నీ నడిపేవాళ్ళ చేతులకీ కాళ్ళకీ అందుతున్నాయా అని. అన్నీ అందుతున్నాయి. అంతమంది ప్రేమగా చుట్టూ చేరితే, తొమ్మిదేళ్ళ పిల్లకి పడిపోవడం కంటే వద్దనడమే పెద్ద సాహసం. మూడోసారి కూడా వద్దంది. వాళ్ళమ్మ మాట్లాడకుండా వచ్చి హెల్మెట్ పట్టీ విప్పింది.

భోజనాల దగ్గర వాదన మొదలైంది. "మనం నాన్న చేతక్ మీద ముందు నిలబడి బడికి వెళ్ళలేదా? హెల్మెట్ అన్న మాట విన్నామా?" అన్నాడు స్నేహితుడు. నిజమే. నాలుగేళ్ళ లోపు పిల్లల్ని బైకు మీద తీసుకెళ్తే హెల్మెట్, నడిపేవాళ్ళకి కట్టే బెల్టు ఉండాలని, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదని మన దేశంలో 2022లో గానీ నియమం రాలేదు. కానీ చేతక్ మీద నిలబెట్టింది బడికి వెళ్ళాలి కాబట్టి. అవసరం ఉన్నచోట మన ఇష్టం ఎవరూ అడగలేదు, మనం దిగనూ లేదు. ఇక్కడ సరదా తప్ప ఇంకే కారణమూ లేదు. పిల్లకి సరదాగా లేకపోతే ఆ ఒక్క కారణమూ పోయింది. మరి మిగిలింది ఎవరి సరదా?

"అలా అయితే టీకా వేయించేటప్పుడు కూడా వద్దనే అంటారు," అంది ఇంకో వదిన. ఇది గట్టి మాటే. టీకా ఆగదు, దాని మేలు పిల్లలదే, కాబట్టి ఏడ్చినా వేయిస్తాం. ఈత కూడా కొంతవరకు అంతే, నీళ్ళు చెప్పి రావు. డర్ట్ బైకు ముప్ఫయ్యో ఏట నేర్చుకున్నా మునిగేదేం లేదు. తొందర మనది.

"మా తాత నన్ను బావిలోకి తోసే ఈత నేర్పాడు," అన్నారు ఒకాయన చేయి కడుక్కుంటూ. ఈ కథ ప్రతి పిక్నిక్‌లో ఎవరో ఒకరు చెబుతారు. చెప్పేవాళ్ళందరూ బావిలోంచి బయటికొచ్చినవాళ్ళే.

పిల్లలు పడాలి, మోకాళ్ళు చీరుకోవాలి, నేనేమీ కాదనను. మావాడు ఆ రోజు రెండుసార్లు పడ్డాడు, రెండోసారి నవ్వుతూ లేచాడు, నాకు మాత్రం గుండె ఆగినంత పనైంది. నా భయం నాది, దాన్ని వాడి మీద రుద్దలేను. అదే న్యాయం తిరగేస్తే, మన ధైర్యం కూడా పిల్లల మీద రుద్దేది కాదు. భయం రుద్దితే అతిజాగ్రత్త అంటారు. ధైర్యం రుద్దితే అందరూ చప్పట్లు కొడతారు. అందుకే రెండోది పట్టుకోవడం కష్టం.

వానలు వెళ్ళాక, దారులు మళ్ళీ తెరిచారని తెలిసి ఇంకోసారి బయల్దేరాం. ట్రైలర్‌లో బండ్లు కడుతూ స్నేహితుడు ఈసారి కూతుర్ని అడిగాడు, నీది ఎక్కించనా అని. ఆ పిల్ల కాసేపు ఆలోచించింది.

"ఎక్కించు నాన్నా. నడుపుతానని కాదు."