గంట మ్రోగక మునుపే

పఠన భాగము: ఎఫెసీ 6:10–18



ఏప్రిల్ నెల వచ్చినది. మన గోదావరి సీమలో తాటాకు ఇండ్లవారు పొయ్యిలోని కణికలపై నీళ్లు చల్లిగాని పొలమునకు పోని కాలమిది. ఏటేట ఈ నెల 14 మొదలు 20 వరకు కాకినాడలోను, దేశమంతటను అగ్నిమాపక వారోత్సవములు జరుగును. 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా రేవులో, ప్రత్తి బేళ్లను మందుగుండును మోసికొని వచ్చిన ఫోర్ట్ స్టైకిన్ అను ఓడ అంటుకొని ప్రేలెను. దానిని ఆర్పబోయిన 66 మంది అగ్నిమాపక సిబ్బంది ప్రాణములు విడిచిరి. వారి జ్ఞాపకార్థమే ఈ వారము.

ఆ సిబ్బంది చేయు సాధనలలో దుస్తులు ధరించుట యొకటి. గంట మ్రోగినంతనే బూట్లలో కాళ్లు దూర్చి, వాటిచుట్టు ముందే మడచియుంచిన ప్యాంటును పైకి లాగుదురు. తలను మెడను కప్పు ముసుగు, మందపు కోటు, వీపున గాలి సిలిండరు, ముఖమునకు మాస్కు, శిరస్త్రాణము, చేతి తొడుగులు, అన్నియు ఉండవలెను. కబురందిన 80 సెకండ్లలో సిద్ధపడి బండి కదలవలెనని అమెరికాలో ఒక ప్రమాణము కలదు. అయితే తొందర యొక్కటే చాలదు. కోటునకును తొడుగునకును నడుమ వ్రేలెడు సందున్నను వేడి అక్కడనే సోకును. మాస్కు సరిగా అతుకనియెడల పొగ లోనికి వచ్చును. మంట లేని దినమున నూరు మారులు తొడిగి విప్పినవాడే మంటగల దినమున తడబడడు.

ఐగుప్తు విడిచిన రాత్రి ఇశ్రాయేలీయులు నడుము కట్టుకొని, చెప్పులు తొడుగుకొని, కర్ర చేతబట్టుకొనియే భోజనము చేయవలసియుండెను. పౌలు భక్తుడును కవచమును ఆపద్దినమునకు ముందే ధరింపుమనుచున్నాడు. మనమో, బిడ్డ జ్వరముతో మూలిగిన రాత్రి, అప్పులవాడు గుమ్మమున నిలిచిన ఉదయమున బైబిలును వెదకుకొందుము. 1995 జనవరి 8న పాశర్లపూడి చమురు బావి అంటుకొని రెండు నెలలకు పైగా మండిన సంగతి మన పెద్దలెరుగుదురు. కొన్ని శోధనలును అట్టివే. వాటికి ఒక్క రాత్రి ప్రార్థన చాలదు. ప్రతిదిన సాధన కావలెను.

మరియు కవచము సర్వాంగ కవచమై యుండవలెను. ఆదివారము విశ్వాసమునుగూర్చి సాక్ష్యమిచ్చి, సోమవారము కాటా యొద్ద అబద్ధమాడువాడు డాలు పట్టి దట్టి మరచినవాడు. శత్రువు ఆ సందునే వెదకును.

ఎవని మెడ వెనుకభాగము వానికి కనబడదు. అందుచేత మంటలోనికి పోకమునుపు సిబ్బంది ఒకరి పట్టీలు ఒకరు పరీక్షించుకొందురు. పౌలును కవచమునుగూర్చి చెప్పిన వెంటనే పరిశుద్ధులందరికొరకు ప్రార్థింపుమనెను. కావున సహోదరుని యందు సందు కనబడిన యెడల, వీధిలో చాటక, వాని యింటికి పోయి ప్రేమతో చెప్పుదము. మనకు ఎవరైన చెప్పిన యెడల అలుగకుందము. మన పట్టీని సవరించు చేతిని కొట్టుట తెలివిగాదు.

ఊరిలో నిప్పు కనబడిన 101కి కబురు చేయుడి. మీ యింట ప్రతి ఉదయమున, పొయ్యి వెలిగింపకమునుపే, కుటుంబమంతయు మోకాళ్లూని ఆ దినపు కవచము ధరించుకొనుడి. ప్రభువు మనలను సిద్ధపరచును గాక. ఆమేన్.