స్థిరప్రేమ

ప్రేమించుట కష్టము కాదు. ప్రేమించుచు నుండుట కష్టము. హీబ్రూ భాషయందు ఈశ్వరుని ప్రేమను దెలుపు "హెసెద్" అను మాట యొకటి కలదు. వాత్సల్యమును, ఇచ్చిన మాట తప్పకుండుటయు అందు కలిసియే యున్నవి. క్రైస్తవధర్మము మనుష్యునినుండి కోరునదియు నట్టి ప్రేమయే. చదువరులారా, ఇది యాచరణమున సాధ్యమా? దృష్టాంతమునకై దూరము పోనక్కరలేదు.

కామారెడ్డినుండి నిజామాబాదునకు బోవు త్రోవలో డిచ్‌పల్లి కలదు. స్కాట్లండు దేశపు వైద్యురాలగు ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ 1907లో హైదరాబాదు రాజ్యమునకు వచ్చి, పిదప నచ్చట కుష్ఠరోగులకై వైద్యశాలను నెలకొల్పిరి. అది 1915లో తెరువబడెను. నర్సాగౌడ్ అను హిందూ దాత ధనసహాయము చేసెను. ఆనాటి చికిత్స యెట్టిదో యెఱిగినగాని యీ ప్రేమ విలువ తెలియదు. చాల్‌మోగ్రా జాతి గింజల నూనెను సూదితో నెక్కించుచుండిరి. అది యొకనాటితో, ఒక నెలతో ముగియునది కాదు. సూది బాధాకరము, ఫలము సందేహాస్పదము, పుండ్లు కడిగి కట్లు గట్టుట నిత్యకృత్యము. జాలి మొదటి వారమునకు చాలును. నూఱవ సూదికి జాలి చాలదు. ఇసబెల్ 1932లో మరణించువఱకు ఈ పనిలోనే యుండెను.

మతమున జేర్చుకొనుటకే యీ సేవ యని కొందఱందురు. ఆ యాక్షేపణ త్రోసివేయదగినది కాదు; మిషనరీలు తమ యుద్దేశమును దాచనులేదు. కాని మతము మారనొల్లనివాని పుండును మఱునాడును కడిగినచో, దానిని బేరమనుట న్యాయము కాదు.

పరులమాట యటుండనిండు. సొంత యింటివారి సంగతి యేమి? వివాహకాలమున క్రైస్తవ వధూవరులు రోగమునందును ఒకరినొకరు విడువమని ప్రమాణము చేయుదురు. అయినను 2001 సవరణచే క్రైస్తవుల విడాకుల చట్టమున సయితము, నయముకాని కుష్ఠము విడాకులకు కారణముగా జేర్పబడెను. హిందూ వివాహచట్టమున నది 1955నుండియే కలదు. చిత్రమేమనగా, ప్రపంచ ఆరోగ్యసంస్థ 1981లోనే బహుళౌషధ చికిత్సను సిఫారసు చేసియుండెను. ఆ చికిత్సచే నేడీ రోగము ఆఱు లేక పండ్రెండు మాసములలో నయమగుచున్నది. రోగమునకు మందు దొరికిన యిరువదియేండ్లకు విడుచుటకు క్రొత్త త్రోవ తెరచితిమి! తుదకు 2019లో ఆ కారణమును హిందూ, ముస్లిము, క్రైస్తవ వివాహచట్టములన్నిటినుండి తొలగించిరి.

చట్టము సాకును తీసివేయగలదు; ప్రేమను ఇయ్యజాలదు. ఎల్లారెడ్డి ప్రాంతపు పల్లెకు ఒకడు మందు ముగించుకొని, రోగము మాని, తిరిగివచ్చెననుకొనుడు. రోగకాలమున వానికై వేఱుగా నుంచిన కంచము, చెంబు గోడవారనే యున్నవి. వానిని తీసి పంక్తిలో బెట్టుమని యే చట్టమును చెప్పదు. బెట్టకున్న శిక్షయు లేదు. ఆ కంచమును మొదట ముట్టుకొనునది తల్లియా, భార్యయా, కొడుకా?